రెండు హంసల కొక్కెం: ఎలాస్టిక్ చేతిపట్టీల డిజైన్ మీద ఒక కేస్ స్టడీ

మాఘమాసం ముహూర్తాలకు రెండు నెలల ముందు, హన్మకొండలోని మా వర్క్‌షాప్‌కి ఒక క్యాటరింగ్ ఓనరమ్మ వచ్చింది. చేతిలో తెల్ల చొక్కా ఒకటి. కుడిచేయి కఫ్ అంతా పసుపురంగు. "పప్పుచారు మరక చెల్లె. నాలుగుసార్లు ఉతికిచ్చిన, పోలే. ప్రతి పెండ్లికి రెండు మూడు చొక్కాలు ఇట్లనే ఖరాబైతున్నయి," అంటూ టేబుల్ మీద పరిచింది.

ఆమె దగ్గర వడ్డించే పిల్లలు 36 మంది. అందరికీ ఫుల్ చేతుల తెల్ల చొక్కాలే, కానీ సైజులు మూడే. ఒంటికి సరిపోయిన చొక్కా చేతికి పొడుగవుతుంది. పిల్లలు సీజన్‌కొకరు మారిపోతుంటారు కాబట్టి ఎవరి కొలతకు వాళ్ళకి కుట్టించడం కుదరదు. మడిచి పెట్టుకోమంటే మొదటి బంతి దాకా ఆగుతుంది, రెండో బంతికి ఒక చేయి పైన, ఒక చేయి కింద. బఫే రోజున ఇంకో భయం: గిన్నెల కింద వెలిగే మంట పక్కనే వదులుగా ఉన్న కఫ్ ఆడుతుంటుంది. ఏదో ఫొటోలో విదేశీ హోటల్ కుర్రాడు రెండు చేతులకీ ఎలాస్టిక్ పట్టీలు వేసుకోవడం చూసిందట. "అసొంటివే కావాలె. కానీ ముందు కనపడే ఆ క్లిప్పు మాత్రం మన దగ్గరి పని ఉండాలె. పెంబర్తిదైనా మంచిదే, కరీంనగర్‌దైనా మంచిదే," అన్నది. పెంబర్తిది ఇత్తడి రేకు పని, కరీంనగర్‌ది వెండి తీగ పని.

ఆ చేతిపట్టీ పుట్టిందే ఇలాంటి ఇబ్బందిలోంచి. ఇంగ్లండ్, అమెరికాల్లో 19వ శతాబ్దంలో రెడీమేడ్ చొక్కాలు మొదలైనప్పుడు చేతుల పొడవు అందరికీ ఒకటే ఉండేది. మోచేతికి కొంచెం పైన ఒక పట్టీ బిగించి, మిగిలిన గుడ్డను దాని పైకి లాగి ఉబ్బుగా వదిలేసేవాళ్ళు. గుమాస్తాలు, ప్రెస్‌లో సిరాతో పనిచేసేవాళ్ళు, బార్లలో పోసేవాళ్ళు, పేకాట పంచేవాళ్ళు ఎక్కువగా వాడారు. అన్నీ చేతులు మురికి పట్టే పనులో, అందరి కళ్ళూ చేతుల మీదుండే పనులో. ఆ ఓనరమ్మ దగ్గర వడ్డించే పిల్లలకు రెండూ వర్తిస్తాయి. ఇక్కడి నుంచి ఆమెను అక్క అనే రాస్తాను.

నేను నగల డిజైన్ చేస్తాను. బట్టకు పెట్టే లోహం పని అంతకుముందు రెండే సార్లు చేశాను, రెండూ చీర పిన్నులే. ఈ పనిలో నేను చేసిన తప్పులు కూడా రాస్తున్నాను, ఎందుకంటే చివరికి వచ్చిన డిజైన్ ఆ తప్పుల్లోంచే వచ్చింది.

మొదటి నమూనా

అందరూ గీసేదే నేనూ గీశాను: కాకతీయ కళాతోరణం. 40 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు ఉన్న ఒక పలక, దాని మధ్యలో నిండుగా తోరణం, రెండు కొసల్లో ఎలాస్టిక్ దూరే సందులు. మూడు రాత్రులు కూర్చున్నాను. కాగితం మీద చాలా బాగుంది. వెనకవైపు ఏముంటుందో ఒక్క గీత కూడా గీయలేదు.

దాన్ని వెండి తీగ పనిలో చేయించుదామని కరీంనగర్ వెళ్ళాను. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు వచ్చి స్థిరపడ్డ పని అది. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఢిల్లీ జి20 సదస్సుకు వచ్చిన అతిథులకు పెట్టిన బ్యాడ్జీలు కూడా ఇక్కడివే. చిల్లుల పలకలోంచి వెండిని లాగి లాగి సన్నని తీగ చేస్తారు. రెండు తీగలు పురి పెట్టి, నొక్కి చదును చేస్తారు. చుట్టూ మందపాటి తీగతో చట్రం కట్టి, లోపల ఆ పురి తీగను చుట్టలు చుట్టలుగా నింపుతారు. ఆ పైన వెలిగారం, టంకం పొడి చల్లి, ఊదుగొట్టంతో మంట పట్టిస్తే వందల చోట్ల ఒకేసారి అతుక్కుంటుంది. ఆ క్షణంలో మంట రెండు సెకన్లు ఎక్కువైతే తీగ కరిగి ముద్దవుతుంది. ఆ పనిచేసే పెద్దాయన ఊదుతున్నంతసేపు పక్కన నిలబడ్డ నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను.

నా బొమ్మను చూసి ఆయన మెచ్చుకోలేదు, తప్పు కూడా పట్టలేదు. సందు దగ్గర వేలు పెట్టి, "పట్టీ గుంజుతది గదా బిడ్డా. ఆ గుంజుడు ఈ చుట్టూ ఉన్న లావు తీగ మీద పడాలె. నువ్వు లోపలి జాలీ మీద పడేసినవు," అన్నాడు. నిజమే. నా గీతలో సందు జాలీలోంచే తెరుచుకుంటోంది. ఆయనే దాన్ని సరిచేసి, సందు కడ్డీని నేరుగా చట్రానికి అతికి, ఒక జత చేసిచ్చాడు. కుంకుడు రసంతో కడిగి తెచ్చిన ఆ జత వెన్నెల ముక్కలా ఉంది.

హన్మకొండ వచ్చాక బజారులో దొరికిన ఎలాస్టిక్ కొని, పట్టీలు కుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. పది రోజుల తరువాత అక్కకు చూపిద్దామని తీస్తే, ఎలాస్టిక్ ఆనిన చోటల్లా వెండి నల్లబడింది. పెంకు మాడినట్టు. అదెవరూ పాడుచేసింది కాదు. మామూలు ఎలాస్టిక్ లోపల ఉండేది రబ్బరు దారాలు. రబ్బరుకు సాగే గుణం నిలవాలంటే గంధకం కలిపి ఉడికిస్తారు. ఆ గంధకం కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. వెండికి గంధకం తగిలితే నల్లని వెండి సల్ఫైడ్ పొర కడుతుంది. మూత బిగించిన డబ్బాలో పెట్టి ఆ పని ఇంకా తొందరగా జరిగేలా చేసింది నేనే.

ఇత్తడికి మారితే సరిపోతుందా అంటే, అక్కడ దెబ్బ రెండోవైపు నుంచి పడుతుంది. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగి. రాగి తగిలిన రబ్బరు తొందరగా ముసలిదవుతుంది, జిగటగా మారి, తరువాత పగుళ్ళు వస్తాయి. అంటే రబ్బరు ఎలాస్టిక్ వెండిని పాడుచేస్తుంది, ఇత్తడి రబ్బరు ఎలాస్టిక్‌ను పాడుచేస్తుంది. కొక్కెం గురించి ఒక్క గీత గీసే ముందు ఎలాస్టిక్ సంగతి తేల్చుకోవాలని అప్పుడు అర్థమైంది. రబ్బరు లేకుండా పాలిస్టర్, స్పాండెక్స్ కలిపి నేసిన 20 మిల్లీమీటర్ల ఎలాస్టిక్‌కి మారాను. నేసిందే ఎందుకంటే, జడలా అల్లిన ఎలాస్టిక్ సాగదీస్తే వెడల్పు తగ్గిపోతుంది, సందులో అటూ ఇటూ జరుగుతుంది. నేసింది సాగినా వెడల్పు మారదు. స్పాండెక్స్‌కీ ఒక బలహీనత ఉంది: తెల్లబట్టలకు వేసే క్లోరిన్ బ్లీచ్ పడదు. పట్టీలు తీశాకే చొక్కాలు నానబెట్టాలని అక్కకు ముందే చెప్పాను.

వెండి జతలో ఇంకో లోపం ఒక పిల్లాడు వేసుకున్న ఐదు నిమిషాల్లోనే బయటపడింది. జాలీ తీగలు చొక్కా దారాన్ని పట్టుకుని లాగుతున్నాయి. అదే జతకు తరువాత వెనకాల పలచని వెండి రేకు వేయించాను. ఇప్పుడు అది అక్క తమ్ముడి దగ్గరుంది, కౌంటర్ మీద కూర్చునే మనిషి కాబట్టి భద్రంగా ఉంది. వడ్డించే పిల్లలకు మాత్రం ఇత్తడే అని ఆ రోజు తేలిపోయింది.

చెయ్యి గుండ్రంగా ఉంటుంది

వినడానికి ఇది చెప్పాల్సిన మాటలా ఉండదు. కానీ నా 40 మిల్లీమీటర్ల చదును పలకను చేతికి పెట్టి చూసేదాకా నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం పిల్లలందరినీ కూర్చోబెట్టి చేతులు కొలిచాను. చొక్కా మీద నుంచి, మోచేతికి నాలుగు వేళ్ళ పైన. అన్నింటికన్నా సన్నని చెయ్యి చుట్టుకొలత 23 సెంటీమీటర్లు, లావు చెయ్యి 33. చెయ్యి మడిస్తే కండ ఉబ్బి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు పెరుగుతోంది. నడిమి కొలత 28 అనుకుందాం. అలాంటి చేతి మీద 40 మిల్లీమీటర్ల చదును పలక పెడితే అది మధ్యలో ఆని, రెండు కొసలూ దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తాయి. ఎలాస్టిక్ ఆ కొసలను చేతివైపు గుంజుతుంది. పలక వంగదు కాబట్టి గుంజుడంతా మధ్యలో ఒక్కచోట ఒత్తుతుంది. "అక్కా, బకీట్ లేపినప్పుడల్లా గిది బొక్కకు తాకుతున్నది," అని ఒక పిల్లాడు చెప్పింది సరిగ్గా ఆ చోటు గురించే.

పలకనే వంచితే? వంచి చూశాం. 28కి వంచింది 23 చేతికి మధ్యలో ఒత్తుతుంది, 33 చేతికి కొసలు గుచ్చుతుంది. పిల్లలు మారిపోయే చోట ఒక చేతికి వంచిన వస్తువు ఇంకొకరికి శిక్ష.

ఇక్కడ మా నానమ్మ వంకీ గుర్తొచ్చింది. వంకీ గట్టి లోహమే, అయినా చేతిని ఒత్తదు. ముందు భాగం తలకిందుల V అక్షరంలా కోణంగా లేస్తుంది కాబట్టి కండ ఉబ్బినప్పుడు దానికి పోవడానికి చోటుంటుంది. పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడికి వెళ్ళినప్పుడల్లా నేను మదనికల చేతుల దగ్గర ఆగుతాను. నల్లరాతిలో చెక్కిన దండకడియం కూడా చేతి వంపు ప్రకారమే తిరిగి వెనక్కి పోతుంది, ఎక్కడా పలకలా అంటించినట్టు ఉండదు. చేతికి పెట్టే నగ చేతి మాట వినాలన్నది ఇక్కడి పనివాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. నేను కాగితం మీద కూర్చుని అది మర్చిపోయాను.

చివరికి పలకను మధ్యలో రెండుగా కోశాను. 20 మిల్లీమీటర్ల ముక్కలు రెండు, మధ్యలో ఒకదానికి కొక్కెం, ఇంకోదానికి అది తగులుకునే తీగ కన్ను. ఆ అతుకే మడతబందులా తిరుగుతుంది. ముక్క పొడవు సగమైతే కొస లేచే ఎత్తు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది: నాలుగున్నర మిల్లీమీటర్లున్నది ఒకటికి కొంచెం పైన. అది గుడ్డ మందంలోనే కలిసిపోతుంది. ఏ చేతికైనా రెండు ముక్కలూ తమంతట తామే కోణం సర్దుకుంటాయి.

కానీ మధ్యలో కోస్తే తోరణం పోయింది. ద్వారాన్ని నిలువునా చీల్చి కొక్కెంతో కలిపితే అది కూలిన గోడలా కనిపించింది. మూడు రాత్రుల పని పక్కన పెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. మళ్ళీ ఖిలా వరంగల్ వెళ్ళి, తోరణం కింద నిలబడి ఊరికే చూశాను. పైన అటూ ఇటూ కూర్చున్న హంసలు కనిపించాయి. రెండు ముక్కలకు రెండు హంసలు. ఎదురెదురుగా, ముక్కులు తాకీ తాకనట్టు. మెడ వంపు వెనకాల కొక్కెం దాక్కుంటుంది, తోక వెడల్పయిన చోట ఎలాస్టిక్ సందు వస్తుంది. ఎలాస్టిక్ లాగే దిక్కులోనే ఈకల గీతలు వెనక్కి సాగుతాయి. ఈసారి ముందు వెనకవైపు గీసి, దాని మీద ట్రేసింగ్ కాగితం పెట్టి హంసను గీశాను. గుంజుడు ఏ దారిన పోతోందో ఆ దారినే లోహం మందంగా ఉండాలి, మిగతా చోట పలచగా ఉండవచ్చు. బొమ్మ దానికి లోబడి వచ్చింది. తోరణాన్ని రాష్ట్ర చిహ్నం నుంచి దుకాణాల బోర్డుల దాకా అన్నిచోట్లా చూస్తున్నాం, ఆ హంసలను మాత్రం ఎవరూ విడిగా చూడరు. వాటిని కిందికి దించుకున్నందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

అక్క ఒకటి అడిగింది, నేను ఒప్పుకోలేదు: హంస కన్నుకు ఎర్రరాయి. అతికించిన రాయి ఏదో ఒక రోజు ఊడుతుంది. ఊడితే సాంబారు గిన్నెలోనే పడుతుంది, అక్కడి నుంచి ఎవరి నోట్లోకి పోతుందో తెలియదు. తిండి దగ్గర వాడే వస్తువుకు అతికించిన ముక్క ఉండకూడదు. కన్ను ఉలితో కొట్టిన చిన్న గుంట మాత్రమే. ఆమె రెండు నిమిషాలు ఆలోచించి "అవును, పెండ్లిల అసొంటిది అయితే నా పేరు పోతది," అన్నది.

పెంబర్తిలో

జనగామ దాటి పెంబర్తి చేరేసరికి సుత్తుల చప్పుడే దారి చూపిస్తుంది. గుడి ద్వారాల తొడుగులు, రథాల మీది రేకులు, కలశాలు చేసిన చేతులు అవి. నేను వెళ్ళిన కాక ఇంట్లో నిలువెత్తు దీపస్తంభం ఒకటి సగం పనిలో ఉంది. దాని పక్కన నా బొటనవేలంత హంసను పెట్టడానికి కొంచెం బిడియపడ్డాను. ఆయన మాత్రం కళ్ళద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు.

"ఎన్ని?"

"36 జతలు కాకా. అంటే కొక్కేలు 72, ముక్కలు 144."

"144 ముక్కలు లక్క మీద పెట్టి ఉలితోని కొడితే నీ పెండ్లిళ్ళన్నీ అయిపోతయి బిడ్డా."

ఆయన చెప్పిన దారి అచ్చు. ఎడమ హంసకొకటి, కుడి హంసకొకటి, రెండు అచ్చులు. 22 గేజీ ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి అచ్చు మీద పెట్టి, పైన సీసం ముక్క ఆనించి కొడితే రూపం దిగుతుంది. ఆ తరువాత లక్క మీద ఎక్కించి ఈకలు, కన్ను మాత్రం ఉలితో తీర్చిదిద్దుతారు. అందుకే ఏ రెండు హంసలూ అచ్చంగా ఒకలా ఉండవు. ఉబ్బు ఒకటిన్నర మిల్లీమీటరుకు మించవద్దని నేను పట్టుబట్టాను. లోతు గుంటలుంటే తోమిన పొడి అందులో తెల్లగా నిలిచిపోతుంది. పాత టూత్‌బ్రష్ కొస అందేంత లోతే ఉండాలి.

మొదటి ముక్కలు చూడముచ్చటగా వచ్చాయి. కొక్కెం మాత్రం ఓడిపోయింది. 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి తీగను వంచి హంస వెనక టంకం పెట్టాడు కాక. కిరాణా షాపులో అడిగి తెచ్చిన రెండు కిలోల తూకం రాయిని ఆ కొక్కేనికి వేలాడదీసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి రాయి నేల మీద, కొక్కెం అరటికాయలా సాగి ఉంది. ఎలాస్టిక్ అంత బరువు ఎప్పుడూ లాగదు, కానీ పిల్లలు లాగుతారు.

ఎందుకు అలా అయిందో చెప్పడానికి కాకకు అర నిమిషం కూడా పట్టలేదు. టంకం పెట్టే మంటకు ఇత్తడి మెత్తబడుతుంది. తీగ లాగినప్పుడు వచ్చిన బిరుసంతా ఆ మంటలో పోతుంది. మళ్ళీ బిరుసు రావాలంటే చల్లగా ఉన్నప్పుడు కొట్టాలి. ఆయన కొక్కేన్ని దాగలి ముక్కు మీద పెట్టి చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా కాదు, తలుపు మీద వేళ్ళతో తట్టినట్టు. ప్రతి దెబ్బకూ గుండ్రటి తీగ కొంచెం చదునవుతోంది. ఇరవై దెబ్బల తరువాత చప్పుడు మారింది. అప్పటిదాకా మొద్దుగా ఉన్నది కొంచెం గణగణమంది. "ఇగ చాలు. దీనికి మళ్ళ నిప్పు సూపియ్యొద్దు," అన్నాడు. అదే రాయి, ఇంకో రాత్రి. కొక్కెం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అప్పటి నుంచి పని వరస మారింది. టంకం అంతా ముందే పూర్తి, కడిగి మెరుగు పెట్టడం రెండోది, కొక్కెం కొట్టడం అన్నింటికన్నా చివర. ఈ వరస తప్పితే వస్తువు చూడ్డానికి ఏ తేడా ఉండదు, పనిలో మాత్రం నమ్మలేం. లోహం పని చేయించే డిజైనర్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: పనివాడి దగ్గర కూర్చుని, ఏది ముందు ఏది వెనక అని అడిగి రాసుకోండి.

రెండో సమస్య దీనికి ఎదురు. పట్టీ చేతి మీదుండగా ఎలాస్టిక్ లాగుతూనే ఉంటుంది కాబట్టి కొక్కెం ఊడదు. చేతి నుంచి తీయగానే లాగుడు ఉండదు, రెండు హంసలూ విడిపోతాయి, ఒకటి ఎక్కడో పడిపోతుంది. ట్రయల్ రోజునే ఒక హంస కళ్యాణమండపం కుర్చీల కింద దొరికింది. కొక్కెం నోటిని తీగ మందం కన్నా కొంచెం ఇరుకు చేశాం. కన్ను తీగను ఒక్కచోట ఆకురాయితో అరగదీసి పలచబరిచాం. ఇప్పుడు ముక్కను అడ్డంగా తిప్పి ఆ పలచని చోటును నోటి దగ్గరికి తెస్తేనే దూరుతుంది, అలా తిప్పితేనే వస్తుంది. ఊరికే జేబులో వేసుకుంటే విడిపోదు.

నిజానికి చేతి మీద కొక్కెం విప్పాల్సిన అవసరమే లేదని కూడా ఆ ట్రయల్‌లోనే చూశాను. ఒంటిచేత్తో కొక్కెం పెట్టడం ఎలా సులువు చేయాలా అని నేను వారం రోజులు టెన్షన్ పడ్డాను. పిల్లలేమో పట్టీని గాజులా చేతిలోంచి ఎక్కించేసుకున్నారు. వేళ్ళు దగ్గరికి ముడిచిన అరచెయ్యి చుట్టుకొలత మోచేతి పైభాగం కన్నా తక్కువ, ఎలాస్టిక్ హాయిగా దాటుతుంది. మరి విప్పే కొక్కెం ఎందుకు? ఎలాస్టిక్ మార్చడానికి. ఎలాస్టిక్ ఒకటి రెండు సీజన్లలో సాగిపోతుంది, ఇత్తడి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎలాస్టిక్‌ను ముక్కకు కుట్టేస్తే ప్రతిసారీ దర్జీ కావాలి. అందుకని సందులో రెండు కడ్డీలు పెట్టాం. బ్యాగు పట్టీకి ఉండే అడ్జస్టర్ లాగా ఎలాస్టిక్ కొస ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోయి మళ్ళీ వెనక్కి వస్తుంది, రాపిడికి నిలబడుతుంది. కుట్టు లేదు. పొడవు కూడా అక్కడే సర్దుకోవచ్చు. కడ్డీలు గుండ్రంగా ఉండాలి. రేకు అంచునే వదిలేసిన ఒక నమూనా ఎలాస్టిక్‌ను నాలుగు రోజుల్లో నూలు పోగుల్లా కోసేసింది.

బిగువు ఎంత అన్నదానికి మేం పెట్టుకున్న లెక్క: చేతి కొలతలో పదో వంతు తగ్గించి పట్టీ చుట్టుకొలత. 28 సెంటీమీటర్ల చేతికి కొక్కెంతో కలిపి సుమారు 25. వేసుకున్నాక చూపుడువేలు లోపలికి దూరాలి, చెయ్యి మడిచినా వేళ్ళు తిమ్మిరెక్కకూడదు. కొక్కెం ఎప్పుడూ చేతి బయటివైపుకే. లోపలివైపుంటే బకెట్ మోసేటప్పుడు పక్కటెముకలకు రాసుకుంటుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. నా చదును పలక నమూనా ఒక్కోటి 19 గ్రాములు తూగింది. చెయ్యి ఊపినప్పుడల్లా మోచేతి మీదికి జారేది. రెండు హంసలు కలిపి, కడ్డీలతో సహా 11 గ్రాములు. ఇది జారలేదు.

చిలుము

ఇత్తడికి చెమట తగిలితే చిలుము పడుతుంది. తెల్లచొక్కా మీద ఆ పచ్చ మరక పప్పుచారు మరక కన్నా మొండిది. చొక్కాలు కాపాడడానికి చేసిన వస్తువే చొక్కాను పాడుచేస్తే ఎలా? వార్నిష్ పూత వేసి చూశాం. కొక్కెం దగ్గర రాపిడికి వారంలోనే పెచ్చులూడింది. చివరికి దారి గుడ్డలోనే దొరికింది. ఎలాస్టిక్ ఒక కొసను నాలుగు సెంటీమీటర్లు అదనంగా వదిలి, కొక్కెం వెనకాల నాలుకలా పరిచాం. లోహం ఆ నాలుకకే తగులుతుంది, చొక్కాకు తగలదు. కొక్కెం నోరు చేతివైపుకు తిప్పి పెట్టడం కూడా దానివల్లే కుదిరింది. నోరు బయటికుంటే భుజం మీది తువ్వాలును పట్టుకుంటుంది. తువ్వాలు చిక్కుకుని గిన్నె ఒలికితే అది పెద్ద ప్రమాదం. నాలుక మాసిపోతే ఎలాస్టిక్‌తో పాటే మారిపోతుంది.

పట్టీల రంగు దగ్గర అక్కకూ నాకూ కాసేపు వాదన జరిగింది. ఆమెకు ఎరుపు కావాలి, నాకు నలుపు. నల్లపట్టీ మీద హంసలు విడిగా కనిపిస్తాయని నా మాట. మెరూన్ దగ్గర ఆగాం. ట్యూబులైటు వెలుతురులో మెరూన్ దాదాపు నల్లగానే ఉంటుంది, పొద్దుటి పెళ్ళిళ్ళలో ఎర్రగా ఉంటుంది. ఆమే గెలిచిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఐదు వారాల్లో 36 జతలూ చేతికొచ్చాయి. అచ్చుల ఖర్చు విడిగా పోను, జతకు 640 రూపాయలు పడింది. అక్క మొదట్లో కొంచెం వెనకాడింది. ఒక చొక్కా ధర, ఒక సీజన్‌లో పాడైన చొక్కాల లెక్క ఆమే కాగితం మీద వేసుకుని సరేనన్నది. కాక కూలి దగ్గర నేను బేరం ఆడలేదు, ఆమెనూ ఆడనివ్వలేదు.

మొదటి పెళ్ళికి నేనూ వెళ్ళాను, పంక్తి చివర కూర్చున్నాను. పెరుగు వడ్డిస్తున్న పిల్లాడి చెయ్యి నా ఆకు మీదికి వంగినప్పుడు హంసలు సరిగ్గా నా కళ్ళ ముందుకొచ్చాయి. కఫ్ మణికట్టుకు పైనే ఉంది, తెల్లగా ఉంది. పక్కన కూర్చున్న పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, "ఇది పెంబర్తి పని గదా బిడ్డా," అని అడిగింది. ఆ పిల్లాడు తలూపి నవ్వి, ఆమెకు ఇంకో గరిటె పెరుగు వేశాడు.

ఏడు నెలలైంది. పట్టీలు మొన్న వర్క్‌షాప్‌కి తెచ్చారు. ఎలాస్టిక్‌లన్నీ మార్చే టైమొచ్చింది, పిల్లలే కూర్చుని ఒక మధ్యాహ్నంలో మార్చేసుకున్నారు. మూడు హంసలు పోయాయి, మూడూ కన్నున్న ముక్కలే, కుడి హంసలు. ఒక కొక్కెం విరిగింది. దాంతో సోడా మూత తీశాడట. రెండు నాలుకల మీద పచ్చ మరక కనిపించింది, చొక్కాల మీద లేదు. కన్ను తీగను మరీ ఎక్కువ అరగదీశామని నాకు అనుమానం, పోయినవన్నీ అటువైపువే కావడం ఊరికే కాదు. కాకకు ఫోన్ చేసి, తరువాతి పన్నెండు జతలకు ఆ పలచని చోటును సగమే అరగదీయమన్నాను. పోయిన మూడింటి కోసం కుడి అచ్చు మీద ఆరు రేకులు ఎక్కువ కొట్టి ఉంచమన్నాను.